కంచె కోసిన మఠకన్య విద్రోహి ఎలా అయ్యారు?

ఎక్కడైనా రైలు పట్టాలు తప్పితే మర్నాటి పేపర్లో ఒక మాట కనిపిస్తుంది: ‘విద్రోహ చర్య కావచ్చని అనుమానం’. ఆ మాట చదవగానే, చీకట్లో వచ్చి బోల్టులు ఊడదీసి ఎవరికీ దొరక్కుండా మాయమైన మనిషి కళ్ళ ముందు మెదులుతాడు. అమెరికా ప్రభుత్వం ఒక కేసులో ముగ్గురి మీద మోపిన నేరం కూడా అదే. ఆ ముగ్గురిలో ఒకరు 82 ఏళ్ల కేథలిక్ మఠకన్య. మన ఊళ్ళలో కాన్వెంట్ సిస్టర్ అంటామే, అలాంటి మనిషి. నలభై ఏళ్ళ పాటు ఆఫ్రికాలో పిల్లలకు పాఠాలు చెప్పిన టీచర్. ఆవిడ మాయం కాలేదు. కాపలా మనిషి వచ్చేదాకా అక్కడే ఉండి పాటలు పాడారు. అతను రాగానే రొట్టె ఇవ్వబోయారు.

సిస్టర్ మేగన్ రైస్ పేరు మొదట వార్తల్లోకెక్కింది వేరే కారణంతో. బాంబుల యురేనియం దాచిన చోటికి ఒక పెద్దావిడ నడిచి వెళ్ళగలిగితే టెర్రరిస్టులు వెళ్ళలేరా అన్నదే అప్పుడు అందరి టెన్షన్. అడగాల్సిన ప్రశ్నే. కానీ దాని చాటున ఇంకో ప్రశ్న మరుగున పడిపోయింది. ఇలాంటి పని నేరమా, మనస్సాక్షి మాట విని చేసిందా అని తేల్చేటప్పుడు కోర్టు ఎవరి ఉద్దేశం చూడాలి? కంచె కోసినవాళ్ళ ఉద్దేశమొక్కటే చూస్తే చాలా? లోపలి భవనాన్ని ఏ ఉద్దేశంతో కట్టారో అది కూడా అడగాలా? ఈ కేసులో చిక్కుముడి ఇక్కడే పడింది. మూడేళ్ళ పాటు రెండు కోర్టులు దాన్ని విప్పబోయి, సగమే విప్పాయి.

ఆ తెల్లవారుజామున

2012 జులై 28. టెన్నెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్. అక్కడ వై-12 అనే అణ్వాయుధ కేంద్రం ఉంది. దాని పక్కనున్న కొండ గట్టు ఎక్కి దిగుతూ, చీకట్లో దాదాపు రెండు గంటలు నడిచారు ఆ ముగ్గురూ. సిస్టర్ మేగన్‌తో ఉన్నవాళ్ళిద్దరూ ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాళ్ళే. మైఖేల్ వాలీకి 63 ఏళ్ళు, వియత్నాం యుద్ధం చూసి వచ్చారు. గ్రెగ్ బోర్చీ-ఒబెడ్‌కి 57 ఏళ్ళు, సైనికాధికారిగా ఉండి బయటికొచ్చాక ఇళ్ళకు రంగులు వేసే పని చేసుకుంటూ బతికారు.

బోల్ట్ కట్టర్లతో నాలుగు వరుసల కంచెలు కోశారు. లోపలి వరుసల దగ్గర, చొరబడినవాళ్ళని చంపేసే అధికారం కాపలాదారులకు ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. చివరికి ఒక తెల్లటి, కోటలాంటి భవనం గోడ దగ్గరకు చేరారు. బాంబుల్లో వాడే స్థాయికి శుద్ధి చేసిన యురేనియాన్ని అమెరికా దాచిపెట్టే చోటు అది. కట్టడానికి సుమారు 549 మిలియన్ డాలర్లు ఖర్చయింది.

వాళ్ళ సంచుల్లో ఉన్నవి చూస్తే ఆ పని స్వభావం అర్థమవుతుంది. సుత్తులు, స్ప్రే పెయింట్, కొవ్వొత్తులు, పూలు, బైబిలు, రొట్టె, పసిపిల్లల పాలసీసాల్లో మనిషి నెత్తురు. ఆ నెత్తురు టామ్ లూయిస్ అనే పాత ఉద్యమకారుడిది. 2008లో చనిపోయిన ఆయన నెత్తుటిని ఇలాంటి పని కోసమే భద్రపరిచారు. దాన్ని గోడ మీద చల్లారు. ‘న్యాయానికి ఫలం శాంతి’ అనీ, ‘నెత్తుటి సామ్రాజ్యానికి అనర్థం తప్పదు’ అనీ రాశారు. హత్య జరిగిన చోట పోలీసులు కట్టే పసుప్పచ్చ టేపు అక్కడ కట్టారు. గోడ అడుగున సుత్తితో కొడితే కొంచెం కాంక్రీటు పెచ్చులూడింది. అంతకు మించి ఆ గోడకేమీ కాలేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఎవరూ రాలేదు. ఆ తరువాత ఇంధన శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన నివేదిక చదివితే నమ్మబుద్ధి కాదు. ఒక కీలకమైన కెమెరా నెలల తరబడి పనిచేయడం లేదు. జంతువులు తగిలి అలారాలు మోగడం మామూలే కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోలేదు. సుత్తి చప్పుడు విన్న కాపలాదారులు మరమ్మతు పనివాళ్ళేమో అనుకున్నారు. కేంద్రాన్ని సుమారు రెండు వారాలు మూసేశారు. కాపలా కంపెనీ కాంట్రాక్టు పోయింది. సెప్టెంబరులో ప్రతినిధుల సభ కమిటీ ముందు విచారణ జరిగినప్పుడు సిస్టర్ మేగన్ ప్రేక్షకుల్లో కూర్చుని ఉన్నారు. ఒక సభ్యుడు ఆవిడను లేచి నిలబడమని అడిగి, మా భద్రతలో లోపం చూపించారంటూ థ్యాంక్స్ చెప్పాడు. భద్రత పెంచమని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఆ భవనం అవసరమే లేని రోజు రావాలని అడిగారు. ఆ మాట వినేవాళ్ళు ఆ గదిలో దాదాపు లేరనే చెప్పాలి.

ఓక్‌రిడ్జే ఎందుకు?

వై-12 అనేది రెండో ప్రపంచ యుద్ధకాలపు రహస్య సంకేతం. 1943లో అక్కడ పని మొదలైనప్పుడు ఆ ఊరి పేరు మ్యాపుల్లో ఉండేది కాదు. యుద్ధం ముగిసేనాటికి జనాభా 75 వేలకు చేరింది. వాళ్ళలో ఎక్కువమందికి తాము ఏం తయారు చేస్తున్నామో తెలియదు. యురేనియంలో బాంబుకి పనికొచ్చే రకాన్ని భారీ అయస్కాంతాలతో విడదీసేవారు. తీగలు చుట్టడానికి యుద్ధకాలంలో రాగి దొరక్క, ఖజానా నుంచి 14 వేల టన్నులకు పైగా వెండి తెచ్చి వాడారు. కొలత మీటర్ల ముందు కూర్చుని ముళ్ళు చూస్తూ ఉన్నవాళ్ళు ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పడుచు పిల్లలు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబులో 64 కిలోల యురేనియం ఉంది. అది ఇక్కడ తయారైందే.

ఈ చరిత్రలో ఒక కొస సిస్టర్ మేగన్ బాల్యంలో ఉంది. ఆవిడ 1930 జనవరి 31న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి ప్రసూతి వైద్యుడు. తల్లి చరిత్రలో డాక్టరేట్ చేసిన మనిషి. కొలంబియా యూనివర్సిటీ పరిసరాల్లో కాపురం. పక్కింట్లో ఉండే సైంటిస్టు ఏం పని చేస్తున్నాడో భార్యకు కూడా చెప్పేవాడు కాదట. బాంబు పడ్డాకే అది ఏమిటో అందరికీ తెలిసింది. మేనమామ వాల్టర్ హుక్ మెరైన్ సైనికుడిగా నాగసాకి వెళ్ళి, అక్కడ మిగిలిన దృశ్యాన్ని కళ్ళారా చూసి వచ్చారు. జీవితాంతం ఆయన ఆ సంగతి చెబుతూనే ఉన్నారు. ఆ మాటలు వింటూ పెరిగిన పిల్ల ఈవిడ.

1962 నుంచి 2000ల మొదటి ఏళ్ళ దాకా నైజీరియాలో, ఘనాలో టీచరుగా పనిచేశారు. ఆ తరువాత నెవాడా ఎడారిలో అణుపరీక్షలకు వ్యతిరేకంగా సాగే నిరసనల్లో చేరారు. జార్జియాలోని ఒక సైనిక శిక్షణ కేంద్రం దగ్గర నిరసన తెలిపినందుకు అంతకు ముందే ఆరు నెలలు జైల్లో ఉన్నారు. కోర్టులో ఆవిడ ఏమన్నారో ఈ లెక్కంతా చూస్తేనే అర్థమవుతుంది. 70 ఏళ్ళు ఆగానన్నదే నా బాధ అన్నారు. 2013లో నిలబడి 70 ఏళ్ళు వెనక్కి లెక్కేస్తే 1943. వై-12 పునాది తవ్విన సంవత్సరం.

నాగటి నక్కులు

ఈ ముగ్గురూ చేసిన పనికి ఒక వంశవృక్షం ఉంది. తెలుగు బైబిల్లో యెషయా గ్రంథం చదివినవాళ్ళకి ‘ఖడ్గములను నాగటి నక్కులుగా సాగగొట్టుట’ అనే మాట తెలిసే ఉంటుంది. సాగగొట్టడం కమ్మరి పని. కొలిమిలో కాలిన ఇనుము సుత్తి దెబ్బలకు సాగి ఇంకో ఆకారం తెచ్చుకోవడం. అమెరికాలో కొందరు కేథలిక్కులు ఆ వాక్యాన్ని ఉపమానంగా వదిలేయకుండా నిజంగానే సుత్తి పట్టుకున్నారు.

1980 సెప్టెంబరు 9న పెన్సిల్వేనియాలోని ఒక జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారంలోకి ఎనిమిది మంది వెళ్ళి, అణు క్షిపణుల ముక్కు భాగాలను సుత్తులతో కొట్టి, పత్రాల మీద తమ నెత్తురు పోశారు. వాళ్ళలో డేనియల్ బెరిగన్, ఫిలిప్ బెరిగన్ అన్నదమ్ములు. వీళ్ళిద్దరూ అంతకు ముందే, 1968 మే 17న, మరో ఏడుగురితో కలిసి మేరీలాండ్‌లో సైన్యంలోకి పిలిచే కుర్రాళ్ళ ఫైళ్ళు బయటికి తెచ్చి కాల్చేశారు. వియత్నాంలో పిల్లల మీద పడుతున్న నాపామ్ అనే మండే రసాయనాన్నే ఇంట్లో తయారు చేసి, దాంతోనే ఆ కాగితాలు తగలబెట్టారు. 1980 తరువాత ఇలాంటి చర్యలు అమెరికాలోనూ యూరప్‌లోనూ ఎన్నో జరిగాయి. అన్నిట్లోనూ పద్ధతి ఒకటే. ఎవరికీ దెబ్బ తగలకూడదు, ఎవరూ పారిపోకూడదు, చేసింది చేశామని చెప్పాలి, శిక్ష అనుభవించాలి.

గురి మారిన అభియోగం

మొదట పెట్టిన కేసు అనుమతి లేకుండా చొరబడడం. చిన్న నేరం. కేసు ముందుకు వెళ్ళేకొద్దీ అది పోయి, దాని స్థానంలో రెండు పెద్దవి వచ్చి కూర్చున్నాయి. ఒకటి, ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. నష్టం వెయ్యి డాలర్లు దాటితే పదేళ్ళ దాకా జైలు. రెండోది విద్రోహం, 20 ఏళ్ళ దాకా. ఈ రెండో దానికి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే బీజం పడింది. శత్రుదేశపు మనుషులు ఆయుధ కర్మాగారాలు పేల్చకుండా చేసిన చట్టం అది. దేశ రక్షణకు హాని చేయాలనో, అడ్డుపడాలనో అనే ఉద్దేశంతో రక్షణ ఆస్తిని పాడుచేయడం నేరమని దాని సారం. ఇప్పుడది ఉగ్రవాద సంబంధ నేరాల జాబితాలో కూడా ఉంది. అందుకే 2013 మే 8న నాక్స్‌విల్‌లో జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, దోషులని తేల్చగానే ముగ్గురినీ అక్కడి నుంచే జైలుకి తీసుకెళ్ళారు. అప్పటికి ఆవిడకు 83 ఏళ్ళు.

మరి జ్యూరీకి వాళ్ళు తమ కారణం చెప్పుకోలేదా? చాలామంది దీన్ని సరిగ్గా గమనించరు. చెప్పుకునే వీలు చాలావరకు ముందే మూసుకుపోయింది. విచారణ మొదలు కాకముందే ప్రాసిక్యూషన్ ఒక పిటిషన్ వేసి, ఫలానా వాదనలు జ్యూరీ ముందుకు రాకూడదని కోరుతుంది. అమెరికాలో ఇలాంటి కేసుల్లో జడ్జీలు దాదాపు ఎప్పుడూ ఒప్పుకుంటారు. అలా బయటే ఆగిపోయేవాటిలో ముఖ్యమైనది ‘అవసరం కొద్దీ చేశాం’ అనే వాదన.

ఈ వాదన మన చట్టానికీ కొత్త కాదు. భారత శిక్షాస్మృతి 81వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉండేది. ఊళ్ళో పెద్ద అగ్నిప్రమాదం జరుగుతోంది. మంట పాకకుండా ఒకడు మధ్యలో ఉన్న ఇళ్ళు పడగొట్టాడు. ప్రాణాలూ ఆస్తులూ కాపాడాలన్న మంచి ఉద్దేశంతో చేశాడు, ప్రమాదం కూడా అంత దగ్గరగానే ఉంది అనుకుంటే అది నేరం కాదు. పూరిళ్ళ ఊళ్ళు చూసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. సిస్టర్ మేగన్ బృందం అనేది కూడా ఇదే: మంట మా కళ్ళ ముందు ఉంది, మేం కోసింది కంచె మాత్రమే.

కోర్టులు దీన్ని ఎందుకు ఒప్పుకోవు? ఈ వాదన నిలబడాలంటే ప్రమాదం ఇప్పుడే, ఈ క్షణమే ముంచుకొస్తూ ఉండాలి. చట్టబద్ధమైన ఇంకో దారి ఉండకూడదు. చేసిన పనితో ఆ ప్రమాదం ఆగే అవకాశం ఉండాలి. గోదాములో ఉన్న యురేనియం ఈ రాత్రికి పేలదు, ఎన్నికలు ఉన్నాయి, ఉత్తరాలు రాయొచ్చు, గోడకు రంగు పూస్తే బాంబు ఆగదు అంటుంది కోర్టు. తర్కం పరంగా గట్టి జవాబే. నాకు మాత్రం ఒక చోట ముల్లులా గుచ్చుకుంటుంది. అణుయుద్ధం విషయంలో ప్రమాదం ‘ముంచుకొచ్చే’ క్షణం కొన్ని నిమిషాలు. ఆ క్షణంలో ఏ పౌరుడూ ఏమీ చేయలేడు. చేయగలిగిన కాలంలో ప్రమాదం దూరంగా ఉందంటారు, దగ్గరికొచ్చాక చేయడానికి ఏమీ మిగలదు. మామూలు అగ్నిప్రమాదం కోసం తయారైన కొలత ఈ మంటకు సరిపోదు.

రెండో వాదన అంతర్జాతీయ చట్టం. 1970లో అమల్లోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఆరో అధికరణంలో, నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరుపుతామని అమెరికా సంతకం చేసింది. 1996 జులై 8న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయంలో అణ్వాయుధాల ప్రయోగం సాధారణంగా యుద్ధ నియమాలకు విరుద్ధమని చెప్పింది. దేశం ఉనికికే ముప్పు వచ్చిన పరిస్థితిలో ఏమిటన్నది మాత్రం తేల్చలేదు. చర్చలు జరిపి ముగింపుకి తేవాల్సిన బాధ్యత ఉందని మాత్రం జడ్జీలంతా ఏకాభిప్రాయంతో అన్నారు. ఒకప్పుడు అమెరికా అటార్నీ జనరల్‌గా చేసిన రామ్సే క్లార్క్ వచ్చి, విచారణకు ముందు జరిగిన వాదనల్లో ఈ ముగ్గురి తరఫున సాక్ష్యం చెప్పారు. అయినా ఫలితం మారలేదు.

కాబట్టి జ్యూరీ ముందు మిగిలింది ఏమిటి? కంచె కోశారా? కోశారు. పెయింట్ వేశారా? వేశారు. వాళ్ళే ఒప్పుకుంటున్నారు. జ్యూరీ కొద్ది గంటల్లోనే తేల్చేసింది.

దయ చూపవద్దు

2014 ఫిబ్రవరి 18న శిక్ష ఖరారు చేసిన జడ్జి అముల్ థాపర్ భారతీయ మూలాలున్న అమెరికన్. ఆయన కటువుగా మాట్లాడలేదు. ఇంత శక్తిని, ఇంత తపనను చట్టాలు మార్చడానికి వాడి ఉంటే ఈపాటికి నిజంగానే మార్పు వచ్చి ఉండేదేమో అన్న అర్థంలో చెప్పారు. సిస్టర్ మేగన్ మాత్రం తన మీద దయ చూపవద్దని వేడుకున్నారు. మిగిలిన జీవితమంతా జైల్లో గడపడం మీరు నాకివ్వగల గొప్ప కానుక అన్నారు. ఆవిడకు 35 నెలలు, మిగిలిన ఇద్దరికీ చెరో 62 నెలలు శిక్ష పడింది. 52,953 డాలర్లు నష్టపరిహారం కట్టమన్నారు.

ఈ దృశ్యం మనకు చాలా దగ్గరిది. 1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ముందు గాంధీ నిలబడి, రాజద్రోహం చేశానని ఒప్పుకుని, ఈ చట్టం చెడ్డదని మీకనిపిస్తే రాజీనామా చేయండి, మంచిదనిపిస్తే అత్యంత కఠినమైన శిక్ష వేయండి అన్నారు. ఆరేళ్ళు వేశారు. ఆయన అడిగింది మొండితనంతో కాదు. శిక్ష తప్పించుకుంటే శాసనోల్లంఘనం వట్టి ఉల్లంఘనగా మిగిలిపోతుంది. దండన భరించినప్పుడే నేను చట్టమనేదాన్నే కాదనడం లేదు, ఈ ఒక్క అన్యాయాన్ని కాదంటున్నాను అని చెప్పినట్టవుతుంది. విద్రోహికీ సత్యాగ్రహికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. విద్రోహికి దొరకడమంటే ఓటమి. సత్యాగ్రహి దొరకకపోతే పనే పూర్తి కాదు.

యుద్ధానికి వ్యతిరేకంగా శాసనోల్లంఘనం అన్నది కూడా మనకు కొత్త కాదు. 1940 అక్టోబరు 17న వినోబా భావే మొదలుపెట్టిన వ్యక్తి సత్యాగ్రహం నేరుగా యుద్ధం గురించే. మనుషులను గానీ డబ్బును గానీ ఇచ్చి బ్రిటిష్ యుద్ధ ప్రయత్నానికి సాయపడడం తప్పని బహిరంగంగా చెప్పడం, అరెస్టు కావడం. అంతే కార్యక్రమం. ఆంధ్రలో అరవయ్యేళ్ళు ఎప్పుడో దాటిన టంగుటూరి ప్రకాశం కూడా అలా జైలుకి వెళ్ళారు. ఇంకా వెనక్కి వెళితే, అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1846లో ఒక రాత్రి జైల్లో ఉన్నది కూడా, బానిసత్వాన్ని నిలబెట్టి మెక్సికో మీద యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి పన్ను కట్టనన్నందుకే.

కానీ పోలిక కుదిరిందని అక్కడితో వదిలేస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. గాంధీ ఈ ముగ్గురి పని చూసి ఉంటే రెండు అభ్యంతరాలు చెప్పి ఉండేవారనుకుంటాను. మొదటిది రహస్యం. వ్యక్తి సత్యాగ్రహంలో ఎప్పుడు, ఎక్కడ మాట్లాడబోతున్నామో జిల్లా మెజిస్ట్రేటుకి ముందే ఉత్తరం రాసేవారు. రహస్యంగా పని చేయడం గాంధీకి సరిపడదు. వీళ్ళు చీకట్లో, చెప్పకుండా వెళ్ళారు. చెప్పి వెళితే మొదటి కంచె దగ్గరే ఆపేస్తారన్నది వాళ్ళ జవాబు. అది నిజమే గానీ, ఆ జవాబుతో అభ్యంతరం పూర్తిగా తీరిపోదు. రెండోది ఆస్తి. కంచె కోయడం, గోడ కొట్టడం అహింసేనా? వస్తువుకి నొప్పి ఉండదు, నొప్పి కలిగించడానికే తయారైన వస్తువుని ఆస్తి అనడమే తప్పు అంటారు వాళ్ళు. బాంబు విషయంలో ఈ మాట నేను ఒప్పుకుంటాను. కంచె విషయంలో అంత గట్టిగా చెప్పలేను.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఆ రోజు మొదట అక్కడికి వచ్చిన కాపలాదారు కాల్పులు జరపలేదు. చూడగానే వీళ్ళు శాంతి ఉద్యమకారులని పోల్చుకుని, గొడవ లేకుండా వ్యవహరించాడు. మూడు ప్రాణాలు నిలబడ్డాయంటే సగం పుణ్యం అతనిదే. అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. కెమెరా బాగు చేయించని పెద్దల మీద పడాల్సిన కోపంలో ఎక్కువ భాగం నెల జీతగాడి మీద పడింది. శిక్షంతా మేమే భరిస్తామని బయలుదేరినవాళ్ళ పనికి, అడగని మనిషి కూడా మూల్యం కట్టాడు. అహింసను లెక్కగట్టేటప్పుడు ఈ పద్దు వదిలేయకూడదు. తీసేసింది సిస్టర్ మేగన్ కాదు, నిజమే. ఆ మనిషి ఇంట్లో ఆ మాట ఏ మాత్రం ఓదార్పు?

పెద్ద వయసు

ఇలాంటి ఉద్యమాల్లో జుట్టు నెరిసినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. 2018 ఏప్రిల్ 4న జార్జియాలోని కింగ్స్ బే జలాంతర్గామి స్థావరంలోకి వెళ్ళిన ఏడుగురిలో ఎలిజబెత్ మెకాలిస్టర్‌కి 78 ఏళ్ళు. ఫిలిప్ బెరిగన్ భార్య ఆవిడ. దీనికి ఒక మామూలు కారణం ఉంది. ఐదేళ్ళు జైలంటే ఇరవై ఏళ్ళ కుర్రాడికి చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ పోయినట్టు. చిన్నపిల్లల తల్లికి అసలు కుదరదు. బాధ్యతలు తీరినవాళ్ళకు పోగొట్టుకోవడానికి మిగిలింది తక్కువ. మన పెద్దలు వానప్రస్థం అన్న దశను కాశీకి బదులు జైలు వైపు తిప్పినట్టుంటుంది ఇది.

అయితే వయసు వల్ల ఒక చిక్కు కూడా వస్తుంది. పాపం పెద్దావిడ అనేసి ఆ పని మీద చర్చ ముగించేస్తారు. జాలి కూడా మాట వినకుండా ఉండడానికి ఒక దారే. ఆవిడ దయ వద్దన్నది అందుకు కూడా అయి ఉంటుందని నా నమ్మకం. 82 ఏళ్ల మనిషి చేసిందని ఆ పనిని తేలిక చేయకండి, 32 ఏళ్ల మనిషి చేస్తే ఎలా తూచుతారో అలాగే తూచండి అని.

అప్పీలులో విడిన ముడి

2015 మే 8న, జ్యూరీ తీర్పు వచ్చి సరిగ్గా రెండేళ్ళ తరువాత, ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు విద్రోహ నేరాన్ని కొట్టేసింది. ముగ్గురిలో ఇద్దరు జడ్జీల మాట నెగ్గింది. తీర్పు రాసిన జడ్జి రేమండ్ కెత్లెడ్జ్ శాంతి ఉద్యమాలకు దగ్గరి మనిషేమీ కాదు, సంప్రదాయ పక్షానికి చెందినవాడిగా పేరున్నవాడు. అందుకే ఆ తీర్పుకి నా లెక్కలో విలువ ఎక్కువ. ఆయన ‘దేశ రక్షణ’ అనే మాట పట్టుకున్నారు. అది గాలిలో తేలే మాట కాదు. యుద్ధం చేయగల శక్తో, దాడిని ఎదుర్కోగల శక్తో ఉంటే దానికి అడ్డుపడాలన్న ఉద్దేశం ఉండాలి. ఈ కేంద్రం దేశ రక్షణకు కీలకం అని ఊరికే అంటే చాలదు. ఆ ముగ్గురూ చేసిన పని ఆ శక్తిని రవ్వంత కూడా తగ్గించలేదు, తగ్గించాలని వాళ్ళు అనుకున్నట్టు రుజువూ లేదు. ఆస్తి పాడుచేసినందుకు శిక్ష వేయండి, విద్రోహులని మాత్రం అనకండి.

మే 16న ముగ్గురూ విడుదలయ్యారు. సెప్టెంబరులో శిక్షను అప్పటిదాకా గడిపిన రెండేళ్ళకే సరిపెట్టారు.

ఇందులో గెలిచింది ఎవరన్నది అంత తేలికైన ప్రశ్న కాదు. బయటపడ్డ తర్కం చూడండి. మీ పని వల్ల అణ్వాయుధ వ్యవస్థకు ఏమీ కాలేదు కాబట్టి మీరు విద్రోహులు కారు అంది కోర్టు. అంటే వాళ్ళు ఏ ఆశతో వెళ్ళారో ఆ ఆశ నెరవేరలేదు కాబట్టే వాళ్ళకు విముక్తి దొరికింది. ఉద్దేశం గురించి మొదలైన ప్రశ్నలో, కంచె కోసినవాళ్ళ ఉద్దేశానికి జవాబు వచ్చింది. భవనం ఉద్దేశం మాట ఏ కోర్టూ ఎత్తలేదు. అంత దూరం వెళ్ళడం కోర్టుల పని కాదనేవాళ్ళున్నారు. అయి ఉండొచ్చు. పార్లమెంట్ల పని అనుకుంటే, 2017 జులై 7న ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించే ఒప్పందానికి ఓటేశాయి. అమెరికా అందులో లేదు. మన దేశమూ లేదు. అదే ఏడాది నవంబరులో పోప్ ఫ్రాన్సిస్, అణ్వాయుధాలు వాడతామని బెదిరించడాన్నే కాక వాటిని దగ్గర ఉంచుకోవడాన్ని కూడా ఖండించారు. సిస్టర్ మేగన్ ఆ గోడ దగ్గరకు వెళ్ళినప్పుడు ఆవిడ చర్చి ఇంకా అంత స్పష్టంగా ఆ మాట అనలేదు.

నిషేధ ఒప్పందం 2021 జనవరి 22న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 10న పెన్సిల్వేనియాలో, 91 ఏళ్ళ వయసులో ఆవిడ కన్నుమూశారు. ప్రభుత్వ ఆస్తి పాడుచేసిన నేరం ఆవిడ పేరు మీద అలాగే ఉండిపోయింది. వై-12లో బాంబుల యురేనియం పనుల కోసం కొత్త భవనం లేస్తోంది. 6.5 బిలియన్ డాలర్లలోపే ముగిస్తామన్న అంచనా ఎప్పుడో దాటిపోయింది. ఆ గేటు బయట రోడ్డు పక్కన, స్థానిక శాంతి సంఘంవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఆదివారాలు వచ్చి కాసేపు నిలబడి వెళుతున్నారు.